ఇరవై దినాల రెస్టు

పక్కింటి పాప నిన్న సాయంత్రం ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో బడివాళ్లిచ్చిన కాగితం పట్టుకొని వచ్చింది. కాగితంలో నాలుగే మాటలు. రెస్ట్‌కు, రిలాక్స్‌కు తేడా ఏమి? బిలీవ్‌కు, ట్రస్ట్‌కు తేడా ఏమి? ఒక్కొక్కదానికి సొంత వాక్యం రాయవలెను. ముప్పై ఏండ్లు హిందూపురంలో ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఇట్లాంటి ప్రశ్నలు నేనే ఎన్ని ఇచ్చి ఉంటానో. "కూచో, రెండు నిమిషాల పని" అన్నాను. రెస్ట్, రిలాక్స్ అయిపోయాయి. బిలీవ్ దగ్గరికి వచ్చేసరికి నా పెన్ను ఆగింది. ఆ పాప నా మొహంలోకి చూసి, "తెలీదా అవ్వా? పోనీలే, ఫోన్లో చూసుకుంటా" అంది. ఎంత పొగరు! "తెలీకేమి? సొంత వాక్యం కావాలంటివి కదా, నా సొంత వాక్యం కొంచెం పొడుగు" అన్నాను. అంతసేపు కూర్చునే ఓపిక దానికెక్కడిది? వెళ్లిపోయింది. ఇంక మీరే వినాలి.

అప్పట్లో మేము ధర్మవరంలో ఉండేవాళ్లం. నాయన పట్టు చీరలు నేసేవాడు. ఇంటి ముందుగదంతా మగ్గమే. నేలలో గుంట, గుంటలో నాయన కాళ్లు, పైన పడుగు. మాకు మిగిలింది వెనకగది, వంటిల్లు, పెరట్లో ఒక ఎనుము. వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా సబ్బునీళ్లలో పట్టు ఉడికే వాసనే. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. నాకు మాత్రం ఆ వాసనకే ఆకలయ్యేది, ఎందుకంటే పట్టు ఉడికిన దినం అమ్మకు పొయ్యి దగ్గర తీరిక దొరికి ఉగ్గాని చేసేది.

నేను సెకండ్ ఫారం చదువుతున్నాను. ఇంగ్లీషు పిచ్చి పట్టిన సంవత్సరం అది. ఒక మాట కొత్తగా తెలిస్తే నోటుపుస్తకంలో ఎక్కించి, దాని అర్థం కనపడిన వాళ్లందరినీ అడిగేదాన్ని. మా వీధి చివర రైల్వేలో గార్డుగా పనిచేసి దిగిపోయిన ముసలాయన ఒకడుండేవాడు. అందరికీ గార్డు తాత. ఆయన ఇంగ్లీషు పుస్తకాల్లో నేర్చింది కాదు, బండిలో నేర్చింది. అందుకని ఏ మాట అడిగినా జవాబు రైలెక్కి వచ్చేది.

"రెస్ట్ అంటే ఏమి తాతా?"

"రెస్ట్ అంటే ఊరికే పండుకునేది కాదు పాపా. గుంతకల్లు నుంచి బండి తెస్తిమా, దిగినాక రన్నింగ్ రూములో రెస్టు. ఇన్ని గంటలని రూలుండాది. పనిచేసినోని హక్కు అది. పని చెయ్యనోడు పండుకుంటే దాన్ని రెస్టు అనరు."

"మరేమంటారు?"

"సోమరితనం అంటారు. పో, రాసుకోపో."

ఇదే ప్రశ్న అమ్మనడిగితే నవ్వింది. అమ్మది మడకశిర, మాటకు ముందొక కన్నడం ముక్క, వెనకొక కన్నడం ముక్క. "సుమ్నే పండుకునేదానికి గూడా ఇంగ్లీషులో పేరుండాదామే? మన ఇండ్లలో యాడుండాది అది, పేరు పెట్టేదానికి!" అంది. నేను రెస్టుకు ఎదురుగా 'సుమ్నే, అంటే ఊరికే; మన ఇండ్లలో లేనిది' అని రాసుకున్నాను. గార్డు తాత దాన్ని చూసి, "మీ అమ్మ నాకంటే బాగా సెప్పింది" అని ఒప్పుకున్నాడు.

ట్రస్ట్ కూడా ఆయన చెప్పిందే. "డ్రైవరు చేతికి బెత్తం వలయంలో తోలు సంచి ఇస్తారు, సూసినావా? దాంట్లో ఇనుప గుండుంటాది. అది చేతికొస్తే తరవాతి స్టేషను దాకా లైను ఖాళీ అని. ఎదురుగా ఇంకో బండి వస్తాందో లేదో ఆయప్ప కండ్లతో సూసినాడా? సూళ్లేదు. అయినా బండి తోల్తాడు. ఎనక పెట్టెల్లో జనం నిద్రపోతాంటారు. అదీ ట్రస్టు."

"మరి బిలీవ్?"

"ఆడ లైను ఖాళీగా ఉండాదంట అని ఎవరో అంటే, ఔనా సరే అనుకునేది బిలీవ్. మాటను బిలీవ్ చేస్తాం, మనిషిని ట్రస్ట్ చేస్తాం."

"మాటను నమ్మకుండా మనిషిని నమ్మచ్చా తాతా?"

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "అట్లెట్లయితాది పాపా? నేనైతే సూళ్లేదు" అన్నాడు. ఆ ప్రశ్నకు ఎదురుగా ఖాళీ వదిలి పేజీ తిప్పాను.

ఆ ఎండాకాలమే నాయన కండ్లు పచ్చబడ్డాయి. సంగటి ముద్ద నోటి దగ్గరికి తెస్తే వాంతి. రెండు దినాలు ఎండదెబ్బ అనుకున్నాం. మూడో దినం గోళ్లు కూడా పసుపు రంగుకు తిరిగేసరికి అమ్మకు భయం పుట్టింది. అంతకుముందు ఏడాదే మా వీధిలో ఒకాయన కామెర్లు ముదిరి చనిపోయాడు. పెనుకొండలో మంచి డాక్టరున్నాడంటే నాయనతో నేనూ, అమ్మా రైలెక్కాం.

డాక్టరు కనురెప్పలు లాగి చూసి, కడుపు నొక్కి చూసి, నేను నోటుపుస్తకంలో రాసుకున్న మాటనే బయటికన్నాడు. "కంప్లీట్ రెస్ట్. ఇరవై దినాలు." మాట నాకు తెలుసన్న సంతోషమొకటి, నాయనకు అది కావలసి వచ్చిందన్న భయమొకటి.

"అట్లయ్యేది కాదు సామీ," అన్నాడు నాయన. "మగ్గం మింద సగం చీర ఉండాది."

"చీర కావాల్నా, నువ్వు కావాల్నా?"

నాయన నిజంగానే ఆలోచించాడు! అమ్మకు ఒళ్లు మండి, "ఆయప్పనడిగేదేముండాది సామీ, నన్నడగండి" అంది. మగ్గమున్న ఇంట్లో ఉంటే ఈయన పండుకోడని డాక్టరుకు అర్థమైపోయింది. పెనుకొండలోనే మా పెదనాయన ఇంట్లో అవ్వ ఉంది కదా, అక్కడే ఉంచమన్నాడు.

ఆ చీర సంగతి చెప్పాలి. హిందూపురం దగ్గర పల్లెలో సేద్యగాళ్ల ఇంట్లో పెండ్లి. ముహూర్తం చీర నాయన చేతిదే కావాలని ఇంటికొచ్చి చెప్పిపోయారు. పెండ్లి ఇంకా ఇరవై ఐదు దినాలుంది. ఇరవై దినాలు పండుకొని లేస్తే మిగిలిన అయిదు దినాల్లో సగం చీర పూర్తికాదు. పండుకోకుంటే మనిషే దక్కడు. గుడ్డలు తీసుకునేదానికి ఒక్క రాత్రి ఇంటికొస్తే, వీధిలో ఇంకో మగ్గపాయన "నేను కూచుంటాలేన్నా" అని వచ్చాడు. నాయన "వద్దప్పా" అన్నాడు. గర్వం కాదది. ఒక్కొక్కరి చేతి దెబ్బ ఒక్కొక్క తీరుగా ఉంటుంది. చీర మధ్యలో మనిషి మారితే, ఆ మారినచోట అడ్డంగా సన్నగా ఒక గీటు పడుతుంది. కట్టుకునేవాళ్లకు కనపడకపోవచ్చు, నేసినవాడికి కనపడుతుంది.

మళ్లీ పెనుకొండకు పోయే ముందు నాయన మగ్గం మీద తన పాత పంచె కప్పాడు. నన్ను పిలిచాడు. "పాపా, నేనొచ్చేదాక దీని మింద ఎవరూ కూచోగూడదు. నువ్వు సూస్కోవాల. మీ అమ్మకు ఆత్రం జాస్తి." నేను తలూపాను. ఇంట్లో అంత పెద్ద పని నాకు ఎప్పుడూ ఎవరూ అప్పజెప్పలేదు.

నాయన పోయిన మూడో దినం పొద్దున లేచి చూస్తే పంచె మడిచి గూట్లో ఉంది. అమ్మ మగ్గం దూలాన్ని కండ్లకద్దుకుంటోంది.

మా ఇంట్లో ఆడవాళ్లు గుంటలో కాలు పెట్టరు. వీధిలో అన్ని ఇండ్లలో ఆ పట్టింపు లేదు గానీ, మా అవ్వకుంది. ఆడది దిగితే మగ్గం అలుగుతుందని ఆమె మాట. అమ్మ పుట్టింట్లో పెండ్లినాటి దాకా నేసింది. మా ఇంటికొచ్చాక రాట్నమే, కండెలే.

"అమ్మా, నాయన కూచోగూడదన్యాడు!"

"మీ నాయన పెనుకొండలో ఉండాడు. మీ అవ్వ పెనుకొండలో ఉండాది. మగ్గం ఈడుండాది, నేనీడుండా."

"నన్ను సూస్కోమన్యాడు."

"సూస్కో మరి, వద్దంటినా? ఆడ కూచొని కండెలు సుట్టిస్తా సూస్కో." గుంటలోకి దిగింది. దిగాక గొంతు మార్చి, "మే, ఆయప్పకు సెప్పద్దు. తెలిస్తే లేచొచ్చి కూచుంటాడు. ఉండే ప్రాణం గూడా పోతాది" అంది.

నేను కండెల బుట్ట ముందుకు లాక్కున్నాను. మొదటి పూటంతా అమ్మ నేసేది, ఊడదీసేది. చెయ్యి మరిచిపోయిందని తనను తానే తిట్టుకుంది. మధ్యాహ్నానికి నాడె ఆ చేతి నుంచి ఈ చేతికి సాఫీగా పోవడం మొదలుపెట్టింది. నేత బిగించే పలక దెబ్బ వినపడితే ఎనుము కూడా చెవులు రిక్కించింది. నాయన దెబ్బకు, ఈ దెబ్బకు తేడా దానికి తెలిసిందో ఏమో! నేను కుంకుమ రంగు పట్టు తడిపి కండెలకు చుడుతూ కూర్చున్నాను. అమ్మ నేస్తుంటే చూడడం నాకదే మొదలు. వీపు నిటారుగా పెట్టి, పెదవులు బిగించి, మా అమ్మ కాదు వేరే ఎవరో అనిపించింది.

దినం మార్చి దినం నేను పెనుకొండకు పోయేదాన్ని. మా ఎనుము మజ్జిగ తప్ప వేరేది నాయనకు ఒంటబట్టదని అమ్మ నమ్మకం. గార్డు తాత పొద్దుటి ప్యాసింజరులో ఆడవాళ్ల పెట్టె ఎక్కించి, గార్డుకు ఒక మాట చెప్పేవాడు. మళ్లీ సాయంత్రం బండికి వచ్చి దింపుకునేవాడు. అవ్వ నేలఉసిరి నూరి ఆ మజ్జిగలో కలిపి నాయనకు తాగించేది. ఉప్పులేదు, కారంలేదు, నూనెలేదు. పాపం, ఆయన ఎదురుగానే నాకు వేడి సంగటి, చెనక్కాయ ఊరుబిండి వడ్డించేది. నాయన గోడవైపు తిరిగిపోయేవాడు.

మొదటిసారి పోయినప్పుడు అవ్వ చెప్పింది, "రెప్ప వాల్చల్లేదు పాపా. మగ్గం మగ్గం అని ఒకటే కలవరింత." నాయన నన్ను చూడగానే అడిగాడు, "మగ్గం ఎట్లుండాది?"

"నువ్వు కప్పిన గుడ్డ కప్పినట్లే ఉండాది నాయనా." అప్పటికది నిజమే. అమ్మ ఇంకా దిగలేదు.

రెండోసారి పోయినప్పుడూ అదే అడిగాడు. నేనూ అదే చెప్పాను. ఈసారి పచ్చి అబద్ధం. నాయన నా మొహం, చేతులు కాసేపు చూసి, "ఊ" అని అటు తిరిగి, అవ్వ పిలిచినా పలకనంతగా నిద్రపోయాడు. సాయంత్రం బండి టైముకు కూడా లేవలేదు. ఆ తర్వాత ఎప్పుడు పోయినా అంతే. అడిగేవాడు, నేను చెప్పేదాన్ని, నిద్రపోయేవాడు. కండ్లలో పసుపు తగ్గుతూ వచ్చింది.

చూశారా నా తెలివి? డాక్టరు మందు కాదు, అవ్వ నేలఉసిరి కాదు, నా అబద్ధమే ఆయనను బాగు చేస్తోందనుకున్నాను. నా మాటను అందరూ బిలీవ్ చేస్తారా, నాయన ఒక్కడేనా అని పరీక్ష కూడా పెట్టాను. "అవ్వా! మిద్దె మింద ఒడియాలు మేక తింటాంది!" అని అరిచాను. పాపం ముసలామె కట్టె తీసుకొని నిచ్చెనెక్కి పైకిపోయింది. మేకా లేదు, దాని తోకా లేదు. "నీ నోట్లో మన్ను బడ! నా మోకాళ్లు ఇరగ్గొట్టేదానికే వస్తాండావేమే" అని కట్టె నా మీదికి విసిరింది. మంచం మీద నాయన నవ్వాడు. పండుకున్నాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. "అవ్వకు అబద్ధం సెప్పేది సులభం పాపా" అన్నాడు. నేనూ నవ్వేశాను, పిచ్చిదాన్ని.

ఇరవై దినాలు పూర్తయిన పొద్దున నాయన ఇల్లు చేరాడు. చీర అప్పటికే పూర్తయి, మగ్గం నుంచి కోసి, మడత పెట్టి ఉంది. అమ్మ దాన్ని తెచ్చి ఆయన పక్కన పెట్టి, వంటింటి గడప మీద నిలబడింది. నాయన కడుక్కున్న చేతులు పంచెకు తుడుచుకొని చీర విప్పాడు. గోటితో దాని వెంబడి రాసుకుంటూ పోయాడు. సగంలో గోరు ఆగింది.

"ఈడ" అన్నాడు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన ఆమె వైపు చూడలేదు, నా వైపు చూశాడు.

"గుడ్డ కప్పినట్లే ఉండాదని సెప్తివి కదా పాపా?"

నాయన గొంతు పెంచలేదు. "రెండో తూరి నువ్వొచ్చినప్పుడే నీ చేతి యేళ్లకు కుంకుమ రంగుండె. కండె సుట్టకుండా ఆ రంగు యాడినుంచి వస్తాది? కూచుండేది మీ అమ్మే అని నాకప్పుడే తెల్సు."

"తెల్సీ వచ్చినప్పుడల్లా అడిగితివే నాయనా?"

"ఈపొద్దన్నా నిజం సెప్తావేమో అని అడిగితి." చీర మడత పెట్టాడు. "ఆ పొద్దునుంచి నీ మాట నేను ఒక దినం గూడా నమ్మల్లేదు. మీ అమ్మ చేతిని నమ్మితి. అందుకే పండుకుంటి."

అమ్మ వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ఆమె ఏడుస్తున్నప్పుడు గిన్నెలు సర్దుతుంది. "మాయమ్మకు నేను సెప్తాలే, నువ్వు గమ్మునుండు" అని నాయన అటువైపు తిరిగి అన్నాడు. కోడలు గుంటలో దిగిందని తెలిస్తే అవ్వ ఊరుకోదు కదా. నా ప్రశ్నకు జవాబు దొరికింది, ఎంత సంతోషించాలి నేను! సంతోషం రాలేదు. గార్డు తాత కూడా చూడలేదన్నదాన్ని నేను చూశాను, నా సొంత ఇంట్లో. మాటను నమ్మకుండా మనిషిని నమ్మవచ్చు. అయితే నమ్మిన మనిషి అమ్మ, నమ్మని మాట నాది.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, కొట్టలేదు. "ఎనుముకు నీళ్లు పెట్టినావా?" అనేవాడు. "పెట్టినా నాయనా" అంటే లేచి పెరట్లోకి పోయి తొట్టి చూసొచ్చేవాడు. "తలుపు గడె పెట్టినావా?" పెట్టానంటే పోయి గడె ముట్టుకొని చూసేవాడు. కావాలని చేసింది కాదనుకుంటాను, కాళ్లు వాటంతట అవే పోయేవి. మూడు దినాలు అట్లాగే. నేను ఎనుము పక్కన కూర్చొని ఏడ్చాను.

నాలుగో దినం చీర హిందూపురానికి తీసుకుపోవాలి. ఆయనకింకా నీరసం, సంచి మోయడానికి నన్ను వెంట పంపింది అమ్మ. హిందూపురంలో దిగితే బజారంతా చింతపండు, బెల్లం వాసన. అక్కడి నుంచి జట్కాలో పల్లెకు. పెండ్లి ఇల్లు, అరుగు మీద ఆడవాళ్లు పసుపు దంచుతున్నారు. పెండ్లికూతురి తల్లి చాప పరిచి చీర విప్పింది. అందరూ చుట్టూ మూగి ఒకటే పొగడ్తలు. అంచు చూశారు, కొంగు చూశారు, రంగును దీపాలకు పోల్చారు. గీటు ఎవరికీ కనపడలేదు. డబ్బులు తీసుకొని వచ్చేసి ఉంటే అయిపోయేది.

నాయన నావైపు చూశాడు. "పాపా, నువ్వు సెప్పు" అన్నాడు.

ఏం చెప్పమన్నాడో ఆయన అనలేదు. చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు. చెబితే చీర వెనక్కి రావచ్చు, అమ్మ పన్నెండు దినాల రెక్కల కష్టం, నాయన పేరు రెండూ పోవచ్చు. వంగి చీర మధ్యలో వేలు పెట్టాను. "ఈడ ఒక గీటుండాది. ఈడిదాక మా నాయన నేసినాడు. నాయనకు బాగల్యాక, ఈడినుంచి మా అమ్మ నేసింది."

పసుపు దంచే చప్పుడు ఆగింది. పెండ్లికూతురి తల్లి వంగి చూసింది, వెలుతురుకు ఎత్తి చూసింది. "ముహూర్తం చీరలో రెండు చేతులాప్పా?" అంది నాయనతో. కోపం లేదు గానీ మొహం చిన్నబోయింది. లోపలికి పోయి పెద్దవాళ్లతో మాట్లాడి వచ్చింది. చీర ఉంచుకుంటామంది, అంపకాలప్పుడు కట్టిస్తామంది. ముహూర్తానికి ఇంకొకటి చూసుకుంటారట. "బిడప్పా, పోనీ, ఏమనుకోవద్దు" అంది. "అనుకునేదేముండాదమ్మా" అన్నాడు నాయన. ఆయన చేతి చీర ముహూర్తానికి కాకుండా పోవడం అదే మొదటిసారి. పెండ్లికూతురు మాత్రం ఆ గీటును వేలితో తడిమి, "మీ అమ్మ బాగ నేసింది" అని నాకొక్కదానికే వినపడేట్లు అంది.

తిరిగి వచ్చేటప్పుడు మధ్యాహ్నం బండి. నాయన ఏమంటాడో అని కిటికీ వైపు ముడుచుకొని కూర్చున్నాను.

"నువ్వు సెప్పకుంటే వాళ్లకు తెల్సేది కాదు" అన్నాడు.

"ఔ నాయనా."

"ఊ."

మా నాయన రైల్లో నిద్రపోయే మనిషి కాదు. ఎంత దూరం పోయినా నిటారుగా కూర్చొని, ప్రతి స్టేషనుకూ తల బయటపెట్టి ఊరి పేరు చదివి, పక్కవాళ్లను కూడా ఒకసారి అడిగి గట్టి చేసుకుంటాడు. ఆ దినం తుండుగుడ్డ మడిచి నా భుజం మీద వేశాడు. "ధర్మవరం వస్తే లేపు పాపా" అన్నాడు. తల వాల్చి, హిందూపురం సిగ్నలు దాటకముందే నిద్రపోయాడు.

నేను కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కింది, దాహమేసింది, ఇంజను నుసి కంట్లో పడింది. పెనుకొండలో మజ్జిగ అమ్మేవాడు కిటికీ దగ్గరికొచ్చి గట్టిగా అరిస్తే, నోటి మీద వేలు పెట్టి కండ్లెర్రజేశాను. ఒక్కొక్క స్టేషను పేరూ రెండుసార్లు చదువుకున్నాను. తర్వాతి కాలంలో ఎన్ని తరగతులు నా మాట విన్నాయో, ఎంతమంది పెద్దవాళ్లు నన్ను మెచ్చుకున్నారో! ఆ బండిలో కూర్చున్నంత గొప్పగా నేను మళ్లీ ఎక్కడా కూర్చోలేదు.

బండి నిదానించింది. "నాయనా, మన ఊరొచ్చింది" అన్నాను.

ఆయన కండ్లు తెరిచాడు. కిటికీలోంచి బయటికి చూడలేదు, ఎవరినీ అడగలేదు. సంచి తీసుకొని లేచి నిలబడ్డాడు.